శని నీటిలో తేలదు

సౌర కుటుంబంలోని ఎనిమిది గ్రహాల్లో సగటు సాంద్రత నీటికంటే తక్కువగా ఉన్నది శని ఒక్కటే. నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము. శనిది దాదాపు 0.69 గ్రాములు. గురుడిది 1.33, కుజుడిది 3.93, భూమిది 5.51. ఈ అంకెల్లో తప్పేమీ లేదు. వీటి వెనకాలే తరతరాలుగా వస్తున్న వాక్యంలోనే తప్పంతా ఉంది. చాలినంత పెద్ద తొట్టి దొరికి దాన్ని నీటితో నింపితే శని అందులో బెండులా తేలుతుందని ఆ వాక్యం చెబుతుంది. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల్లో దొరికే జనరల్ నాలెడ్జి పుస్తకాల్లోనూ, పోటీ పరీక్షల బిట్ బ్యాంకుల్లోనూ “నీటిపై తేలే గ్రహం ఏది?” అన్న ప్రశ్న ఏళ్ల తరబడి కనిపిస్తోంది. విద్యార్థి “శని” అని గుర్తు పెట్టుకుంటాడు, మార్కు పడుతుంది, విషయం అక్కడితో ముగుస్తుంది. ఆ సమాధానం భౌతిక శాస్త్రం ప్రకారం తప్పు. తొట్టి దొరకదన్న చిన్న ఇబ్బంది వల్ల వచ్చిన తప్పు కాదది. తొట్టి దొరికినా శని తేలదు. ఎందుకు తేలదో ఒక్కో మెట్టూ ఆలోచిస్తూ పోతే సాంద్రత, ఉత్ప్లవనం, గురుత్వం మూడూ ఒకేచోట అర్థమవుతాయి. బిట్టు రూపంలో ఉన్న సమాధానం ఆ ఆలోచనకే దారి మూసేస్తోంది.

ముందుగా ఆ 0.69 ఎలా వచ్చిందో చూడాలి. శనిని ఎవరూ నీటిలో ముంచి తూచలేదు. గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహం ఎంత దూరంలో, ఎంత కాలంలో ఒక చుట్టు వస్తుందో తెలిస్తే ఆ గ్రహం ద్రవ్యరాశి లెక్కకు వస్తుంది. శని ఉపగ్రహాల్లో పెద్దదైన టైటాన్ సుమారు 12.2 లక్షల కిలోమీటర్ల దూరంలో 16 రోజులకు కాస్త తక్కువలో ఒక చుట్టు పూర్తి చేస్తుంది. ఆ రెండు అంకెల నుంచి శని ద్రవ్యరాశి భూమికి 95 రెట్లని తేలుతుంది. దూరదర్శినిలో కనిపించే బింబం నుంచి వ్యాసం, దాన్నుంచి ఘనపరిమాణం వస్తాయి. శని గోళంలో 760కి పైగా భూగోళాలు పడతాయి. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సగటు సాంద్రత వచ్చింది.

ఈ పద్ధతి న్యూటన్ నాటిది. ప్రిన్సిపియా 1726 నాటి మూడో ముద్రణలో ఆయన సూర్యుడి సాంద్రతను 100 అనుకుని, భూమికి 400, శనికి 67 అని లెక్క కట్టాడు. అవి నిష్పత్తులు మాత్రమే. భూమి సాంద్రత నీటికి సుమారు ఐదున్నర రెట్లని కావెండిష్ 1798లో కొలిచి చెప్పాక ఆ నిష్పత్తులను నీటితో పోల్చే వీలు కలిగింది. న్యూటన్ అంకెలకు కావెండిష్ కొలతను జోడిస్తే శని సాంద్రత 0.92 వస్తుంది. నేటి విలువకు అది దూరమే అయినా నీటికంటే తక్కువన్న సంగతి అప్పుడే బయటపడింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ అంకె ఒక భాగహారం ఫలితం. గ్రహం మొత్తం ద్రవ్యాన్ని గ్రహం మొత్తం పరిమాణానికి సమంగా పంచి చెప్పిన విలువ. శనిలో ఏదో ఒక పొర సాంద్రత అంత ఉంటుందని గాని, శని నీటిలో ఎలా ప్రవర్తిస్తుందని గాని అది చెప్పదు.

సగటు సాంద్రత ఎప్పుడు తేలుస్తుంది, ఎప్పుడు తేల్చదు అన్నది కృష్ణానది 2024 సెప్టెంబరులో విజయవాడ ప్రజలందరి కళ్ల ముందూ చూపించింది. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇనుప పడవలు గేట్లను ఢీకొని కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. ఇనుము సాంద్రత నీటికి దాదాపు ఎనిమిది రెట్లు. అయినా ఆ పడవలు అంతకుముందు నదిలో ఇసుక మోస్తూ తేలాయి. కారణం పడవ గోడ. అది నీటిని బయటే ఆపి, లోపలి గాలిని, ఇనుమును, సరుకును కలిపి ఒకే వస్తువుగా నిలబెడుతుంది. అలా నిలబెట్టినంత సేపే “పడవ సగటు సాంద్రత” అన్న మాటకు అర్థం. బ్యారేజీ దగ్గర లోపలికి నీరు చేరగానే అదే ఇనుము, అదే పడవ అడుగుకు పోయాయి. క్రేన్లతో లాగినా రాలేదు. చివరకు ఖాళీ పడవలను ఇనుప గర్డర్లతో జతకట్టి, మునిగిన పడవను గొలుసులతో వాటికి బిగించి, ఆ ఖాళీ పడవల ఉత్ప్లవనంతోనే దాన్ని లేపి ఒడ్డుకు చేర్చారు. మునిగినప్పుడు మారింది ఇనుము సాంద్రత కాదు. గోడ తన పని చేయలేకపోయింది, అంతే.

శనికి ఆ గోడ లేదు. ఆర్కిమెడిస్ సూత్రం అడిగే మొదటి షరతు దగ్గరే తేలే గ్రహం కథ ఆగిపోతుంది. నీటిలో పెట్టిన వస్తువు తన హద్దును తాను నిలుపుకోవాలి, నీటితో కలవకూడదు, నీటిని తనలోకి రానివ్వకూడదు. చెక్క, కొబ్బరికాయ, మంచుగడ్డ ఈ షరతును నెరవేరుస్తాయి. శని నెరవేర్చదు, ఎందుకంటే దానికి ఉపరితలమే లేదు. గ్రహం అంచుగా కనిపించేది మేఘాల పొర. పీడనం భూమి మీద గాలి పీడనమంత ఉండే మట్టం నుంచి వ్యాసార్ధాన్ని లెక్కించడం శాస్త్రజ్ఞులు పెట్టుకున్న ఏర్పాటు. ఆ మట్టంలో శని వాయువు సాంద్రత ఘన మీటరుకు సుమారు 0.19 కిలోలు. బెజవాడలో పీల్చే గాలి సాంద్రతలో అది ఆరో వంతు. అక్కడి నుంచి లోపలికి పోయేకొద్దీ ఎక్కడా గట్టు తగలదు. వాయువు చిక్కబడుతూ, ద్రవంగా, ఇంకా లోతున విద్యుత్తును లోహంలా ప్రసరింపజేసే హైడ్రోజన్‌గా మారుతుంది. నడిమిలో రాయి, మంచు, లోహాలు హైడ్రోజన్, హీలియంలతో కలగలిసిన కేంద్రం ఉంది. వలయాల్లో లేచే అలలను బట్టి గ్రహం లోపలి కంపనాలను లెక్కించిన ఒక పరిశోధన, ఆ కేంద్రం స్పష్టమైన అంచు లేకుండా వ్యాసార్ధంలో 60 శాతం దాకా విస్తరించిందని 2021లో తేల్చింది. పైపొర గాలికంటే తేలిక, నడిమి నీటికంటే ఎన్నో రెట్లు బరువు. 0.69 ఈ రెండింటి మధ్య తీసిన సగటు మాత్రమే.

పైపొరల్లో ఉన్నది ప్రధానంగా హైడ్రోజన్, హీలియం. హీలియం కథలో కృష్ణా తీరానికి నేరుగా భాగం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులతో సూర్యుడి అంచును పరిశీలించారు. సూర్యుడి జ్వాలల వెలుగులో ఆనాటి పరిశీలకులకు కనిపించిన పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత తేలింది. ఆ గీతకు కారణమైన కొత్త మూలకానికే హీలియం అన్న పేరు వచ్చింది. భూమి మీద దాన్ని రామ్సే 1895లో పట్టుకున్నాడు. గుంటూరు, బందరుల ఆకాశంలో తొలి జాడ చూపిన వాయువే శనిలో హైడ్రోజన్ తర్వాతి స్థానంలో ఉంది. ఈ జిల్లాల పిల్లలకు శని గురించి చెప్పడానికి తేలే బంతి కథ కంటే మంచి కథ ఇక్కడే ఉంది. అయినా దాన్ని వదిలి తప్పు బిట్టును చేతికిస్తున్నారు.

ఇప్పుడు తొట్టి సంగతి. శని చుట్టూ పలచని, దృఢమైన తొడుగు ఒకటి ఉందనుకుని వాదనకు ఆ గోడను అప్పుగా ఇద్దాం. 0.69 సాపేక్ష సాంద్రత గల గోళం నీటిలో తేలాలంటే తన వ్యాసంలో సుమారు 63 శాతం నీటిలో ఉండాలి. శని సగటు వ్యాసం 1,16,464 కిలోమీటర్లు కాబట్టి నీరు కనీసం 73 వేల కిలోమీటర్ల లోతు ఉండాలి. భూమి మీద అత్యంత లోతైన మరియానా అగాధం 11 కిలోమీటర్లు. గ్రహం పక్కకు తోయవలసిన నీటి పరిమాణం ఎంతో కృష్ణమ్మతోనే కొలవచ్చు. 2024 సెప్టెంబరు నాటి వరద తగ్గకుండా, రాత్రింబవళ్లు అదే ఉధృతితో పారుతూ ఉన్నా అంత నీరు చేరడానికి 55 వేల కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు.

పరిమాణం పెద్దదన్నది ఇక్కడ అసలు అభ్యంతరం కాదు. ఊహా ప్రయోగంలో ఎంత పెద్ద తొట్టినైనా ఊహించుకోవచ్చు. కాని ఊహ ఒక అంకెను మార్చినప్పుడు దానితో ముడిపడిన మిగతా అంకెలు కూడా మారాలి. అంత నీరు ఒకచోట చేరితే అది తొట్టిలో నీరుగా ఉండదు. తన గురుత్వంతో తానే గుండ్రబడి గ్రహం అవుతుంది. 73 వేల కిలోమీటర్ల వ్యాసార్ధం గల నీటి గోళం, నీరు ఏమాత్రం నలగకుండా ఉంటుందనుకున్నా, భూమికి 270 రెట్ల ద్రవ్యరాశితో ఉంటుంది. శనికి దాదాపు మూడు రెట్లు. అదీ శని మాత్రం పట్టే చెరువే. తొట్టిలో బంతి అన్న బొమ్మ సరిగ్గా కుదరాలంటే నీటి మట్టం శని పక్కన చదునుగా కనిపించాలి, అంటే నీటి గోళం శని కంటే ఎంతో పెద్దదై ఉండాలి. పది రెట్ల వ్యాసం అనుకుంటే నీటి ద్రవ్యరాశి సూర్యుడి ద్రవ్యరాశిలో నాలుగు పదో వంతులు దాటుతుంది. అంత ద్రవ్యం తన బరువుకు తాను కుంగి, నలిగి, విపరీతంగా వేడెక్కుతుంది. తొట్టి అనుకున్నది నక్షత్రం స్థాయికి వెళ్లిపోయింది.

నీరు కూడా నీరుగా మిగలదు. భూమి మీద గురుత్వం లెక్కనే చూసినా పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. వంద కిలోమీటర్ల లోతున పీడనం పది వేల వాతావరణాలు. మామూలు వేడిమిలో ఉన్న నీరు అక్కడ గట్టిపడి, మనకు తెలిసిన మంచుకు భిన్నంగా నీటికంటే బరువైన మంచుగా మారుతుంది. 73 వేల కిలోమీటర్లలో తొలి వంద దగ్గరే ద్రవం ఆగిపోయింది. లోపలి వేడి ఎక్కువై మంచు కట్టకపోతే ఇంకా లోతున నీటి అణువులే చెదిరి, ఆక్సిజన్ అయాన్లు జాలకంలా నిలబడి, హైడ్రోజన్ అయాన్లు వాటి మధ్య పారే స్థితి వస్తుంది. వరుణ, ఇంద్ర గ్రహాల లోపల అలాంటి పదార్థమే ఉందని భావిస్తున్నారు. ఒక వస్తువు తేలుతుందని చెప్పడానికి దాని చుట్టూ ద్రవం ఉండాలి కదా.

ఉత్ప్లవనం ఎలా పుడుతుందో గుర్తు చేసుకుంటే మరో చిక్కు కనిపిస్తుంది. నీటిలో ముంచిన వస్తువు అడుగున పీడనం ఎక్కువ, పైన తక్కువ. ఆ తేడా వస్తువును పైకి నెడుతుంది. ఆ పీడన భేదం గురుత్వం వల్ల వస్తుంది, ఆ గురుత్వం వస్తువుది కాదు, బయటిది. కృష్ణలో పడవ తేలుతున్నప్పుడు నీటినీ పడవనూ లాగేది భూమి. పడవ నీటిని తనవైపు లాగే బలం లెక్కలోకి రానంత స్వల్పం. “తేలడం” అన్న మాటలోని పై, కింద అనే దిక్కులు ఆ బయటి గురుత్వం ఇచ్చినవే. శని విషయంలో ఇది తలకిందులవుతుంది. తన మేఘాల దగ్గర శని గురుత్వం భూమి మీదున్నంతే, ఇంకాస్త ఎక్కువ కూడా. దాని పక్కన ఉన్న నీరు తొట్టి అడుగు వైపు కాక శని వైపు పారుతుంది. భూమి మీది సముద్రాలన్నీ కలిపినా శని ద్రవ్యరాశిలో నాలుగు లక్షల వంతుల్లో ఒక వంతు. హంసలదీవి దగ్గర కృష్ణ కలిసే బంగాళాఖాతంతో పాటు భూమి మీది నీరంతా తీసుకుపోయి శని దగ్గర పోస్తే ఆ నీరు శని మీద వాన అవుతుంది. శని అందులో తేలదు, ఆ సముద్రాలే శనిలో మునుగుతాయి. భూగోళాన్ని మొత్తంగా వదిలినా అంతే. శని వాయువుల కంటే బరువైనది కాబట్టి భూమి లోపలికే పోతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. శని, నీరు నిజంగా కలుసుకునే చోటు సౌర కుటుంబంలో ఒకటుంది. శని వలయాలు దాదాపు మొత్తం నీటి మంచు ముక్కలే. ఆ మంచు ధూళి కొంత విద్యుదావేశం పొంది, శని అయస్కాంత రేఖల వెంట జారి గ్రహం లోపలికి రాలుతోంది. దీన్ని వలయాల వాన అంటున్నారు. హవాయి దీవుల్లోని కెక్ దూరదర్శినితో చేసిన పరిశీలనల ఆధారంగా 2018లో వెలువడిన అంచనా ప్రకారం సెకనుకు వందల నుంచి వేల కిలోల నీరు ఇలా పడుతోంది. ఈ వేగంతో రాలితే 30 కోట్ల ఏళ్లలో వలయాలే అంతరించిపోవచ్చు. కసీని వ్యోమనౌక 2017 సెప్టెంబరు 15న శనిలో పడి ముగిసిపోయే ముందు వలయాలకూ గ్రహానికీ మధ్యగా 22 చుట్లు తిరిగి అక్కడ రాలుతున్న పదార్థాన్ని నేరుగా కొలిచింది. ప్రకృతి స్వయంగా చేస్తున్న ఈ ప్రయోగంలో శనికి ఎదురైన నీరు గ్రహంలోకే జారిపోతోంది.

నీటి గోళమే శని కంటే ఎంతో పెద్దదైతే, అప్పుడు పై కింద దిక్కులు ఆ గోళానివే అవుతాయి కాబట్టి శని తేలవచ్చు కదా అన్న వాదన మిగులుతుంది. ఇది బిట్టును సమర్థించేవారు తేగలిగిన బలమైన వాదన, దానికి సరైన జవాబు ఇవ్వాలి. అలాంటి గోళం దగ్గరికి శని చేరకముందే విడిపోతుంది. పెద్ద గోళం గురుత్వం దగ్గర వైపును గట్టిగా, దూర వైపును మెల్లగా లాగుతుంది. తన గురుత్వంతో మాత్రమే కలిసి ఉన్న వస్తువు ఒక హద్దు దాటి దగ్గరికి వస్తే ఆ తేడాకు తట్టుకోలేక చీలిపోతుందని ఫ్రెంచి గణితవేత్త రోష్ 1848లో నిరూపించాడు. నీటి గోళం, శని సాంద్రతలను ఆ సూత్రంలో వేస్తే ఆ హద్దు గోళం కేంద్రం నుంచి దాని వ్యాసార్ధానికి సుమారు 2.8 రెట్ల దూరంలో పడుతుంది. అంటే నీటి మట్టానికి ఎంతో ఎత్తునే శని సాగిపోయి, ముక్కలై, ఆ నీటి గోళం చుట్టూ వలయంగా పరుచుకుంటుంది. 1992లో గురుడి సమీపంగా పోయిన షూమేకర్-లెవీ 9 తోకచుక్కకు సరిగ్గా ఇదే జరిగింది. అది ముక్కలై, ఆ ముక్కలు 1994 జులైలో వరుసగా గురుడి మీద పడ్డాయి. వలయాలకు పేరుపడిన శని తానే వలయమయ్యే తొట్టి అది.

రోష్ హద్దును కూడా పక్కన పెట్టి శనిని ఎలాగో నీటి మట్టం మీదకు దించామనుకుంటే, ఇక జరిగేది కలయిక. శని మధ్యరేఖ దగ్గర వాయువులు గంటకు దాదాపు 36 వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాయి. రోజు పదిన్నర గంటలే కావడంతో గ్రహం ధ్రువాల దగ్గర పదో వంతు అణిగి ఉంటుంది. పైన మేఘాల దగ్గర సున్నాకు 140 డిగ్రీల కింది చలి, లోపల పది వేల డిగ్రీలు దాటిన వేడి. అంత వేగంతో, అంత వేడితో నీటిని తాకిన గోళం గోళంగా ఉండదు. తేలికైన హైడ్రోజన్, హీలియం పైకి పోయి నీటి గోళం చుట్టూ వాతావరణం అవుతాయి. కేంద్రంలోని రాయీ లోహమూ అడుగుకు పోతాయి. కొంత పైకి, కొంత కిందికి, మిగతాది నీటిలో కలిసి. అప్పుడు తేలినది ఏదని అడిగితే హైడ్రోజన్ అని చెప్పవచ్చు, శని అని చెప్పలేం. శని అనే వస్తువే అక్కడ లేదు.

పెద్ద తొట్టితో ఇన్ని చిక్కులుంటే గ్రహాన్నే చిన్నది చేస్తే సరిపోదా అనిపించవచ్చు. శనిలో ఒక బకెట్టెడు ముక్కను తెచ్చి మామూలు నీటిలో వేయవచ్చు కదా. పది లీటర్ల బకెట్టు శని సగటు సాంద్రత ప్రకారం 6.9 కిలోల బరువు ఉండాలి. కాని హైడ్రోజన్, హీలియంలను శనిలో ఉన్న పాళ్లలో కలిపి ఇక్కడి పీడనంలో, ఇక్కడి వేడిమిలో పది లీటర్లు తీసుకుంటే దాని ద్రవ్యరాశి దాదాపు ఒక గ్రాము. నీటి మీద తేలడం కాదు, గాలిలోకే లేచిపోతుంది. మిగతా 6.9 కిలోలు ఎక్కడికి పోయాయి? అవి శని లోపలి పీడనంలో ఉన్నాయి. ఆ పీడనం శని మొత్తం ద్రవ్యం కలిసి కుంగడం వల్ల వచ్చింది. ముక్కను బయటికి తీసినా, గ్రహాన్ని చిన్నది చేసినా పీడనం పోతుంది, దానితో 0.69 కూడా పోతుంది. చెక్కను ముక్కలు చేసినా సాంద్రత మారదు, ఎందుకంటే అది చెక్క గుణం. శని సాంద్రత పదార్థం గుణం కాదు, పదార్థమూ దాని రాశీ కలిసి తెచ్చిన ఫలితం. ఈ ఒక్క తేడా అర్థమైతే బిట్టు దానంతట అదే కూలిపోతుంది.

గురుడిని పక్కన పెట్టి చూస్తే ఇది రూఢి అవుతుంది. గురుడిలోనూ ప్రధానంగా ఉన్నవి హైడ్రోజన్, హీలియమే. ద్రవ్యరాశి శనికి మూడు రెట్లు దాటినా వ్యాసం శనికంటే ఐదో వంతు మాత్రమే ఎక్కువ. రాశి పెరిగేకొద్దీ గురుత్వం లోపలి వాయువును ఇంకా నలిపేస్తుంది కాబట్టి పరిమాణం పెరగడం మందగిస్తుంది, సాంద్రత 1.33కు చేరుతుంది. బిట్టు తర్కం ప్రకారం అదే పదార్థంతో చేసిన రెండు గ్రహాల్లో ఒకటి తేలుతుంది, మరొకటి మునుగుతుంది. శనికి అదే వాయువును ఇంకా ఇంకా చేరుస్తూ పోతే ఒక దశలో “తేలే” గ్రహం “మునిగే” గ్రహం అవుతుంది, దానిలో బరువైన పదార్థం ఒక్క రేణువు కలపకపోయినా. పిల్లలు దీన్ని ఆలోచిస్తే నక్షత్రాల లోపలి నిర్మాణం దాకా దారి తెరుచుకుంటుంది. “శని తేలిక గనుక తేలుతుంది” అని నేర్చుకున్న పిల్లలకు ఆ దారి కనిపించదు. వాళ్లలో చాలామంది శని బరువు తక్కువ గ్రహం అనే నమ్ముతారు. భూమికి 95 రెట్ల ద్రవ్యరాశి ఉన్నదాన్ని తేలికైనదిగా గుర్తు పెట్టుకోవడం చిన్న పొరపాటు కాదు.

సౌర కుటుంబం బయట ఇంకా పలచని గ్రహాలున్నాయి. కెప్లర్-51 అనే నక్షత్రం చుట్టూ తిరిగే కొన్ని గ్రహాల సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.1 గ్రాము కూడా లేదు. “తేలే ఏకైక గ్రహం” అన్న మాటలోని “ఏకైక” కూడా ఇలా చెల్లకుండా పోయింది.

తేలే శని బొమ్మ బోధనా సాధనమే కదా, పిల్లలకు సులువుగా గుర్తుంటుంది కదా అన్నది చివరి సమర్థన. పోలిక సత్యానికి దగ్గర చేసినప్పుడే బోధనా సాధనం అవుతుంది. ఇది ఆర్కిమెడిస్ సూత్రాన్ని రెండు అంకెల పోలికగా కుదిస్తోంది. ఒకటికంటే తక్కువైతే తేలుతుంది, ఎక్కువైతే మునుగుతుంది అన్న సూత్రం ఎక్కడ పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో చెప్పదు. సగటు సాంద్రత, స్థానిక సాంద్రత ఒకటే అన్న భ్రమ కలిగిస్తుంది. గురుత్వం ఎవరిదన్న ప్రశ్నే రానివ్వదు. అసలు నిజం దానికంటే కష్టమేమీ కాదు. “సగటు సాంద్రత నీటికంటే తక్కువగా ఉన్న సౌర కుటుంబ గ్రహం ఏది?” అని అడిగితే జవాబు అదే, మార్కు అంతే, ప్రశ్న మాత్రం నిజం. తొమ్మిదో తరగతి విద్యార్థికి ఈ వాక్యం అర్థం కాదనుకోవడం విద్యార్థిని తక్కువ చేయడమే.

ఊహా ప్రయోగాన్ని తరగతి నుంచి తీసేయాలని ఇక్కడి వాదన కాదు. దాన్ని సగంలో ఆపకూడదన్నదే వాదన. “శనిని నీటిలో వేస్తే ఏమవుతుంది?” అని అడిగి, విద్యార్థి “తేలుతుంది” అనగానే “ఏ గురుత్వంలో? ఎంత లోతు నీటిలో? దాని అంచు ఎక్కడ?” అని అడగాలి. బ్యారేజీ దగ్గర మునిగిన పడవను ఖాళీ పడవలు ఎలా లేపాయో చూసిన విజయవాడ పిల్లలు ఈ ప్రశ్నలకు జవాబు వెతకగలరు. పాఠాలు చెప్పేవారు, గైడ్లు రాసేవారు, ప్రశ్నపత్రాలు తయారు చేసేవారు “నీటిపై తేలే గ్రహం” అన్న బిట్టును ఈ ఏడాది నుంచే తీసేసి, సగటు సాంద్రత గురించి నేరుగా అడిగే ప్రశ్నను దాని స్థానంలో పెట్టాలి.